గోడవైపు తిరిగే టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. బీపీ మాత్రల కోసం మా మెడికల్ షాపుకు వచ్చినవాడు, కవరు చేతిలోకి తీసుకుంటూ, "మన కంప్యూటరు టీచరమ్మ పోయిందంటన్నా. చిక్కబళ్ళాపురంలో చెల్లెలింట్లో ఉండె కదా, నిద్దట్లోనే పోయిందంట" అన్నాడు. వాడి వెనక ఇంకా జనం ఉన్నారు. వాళ్ళందరికీ మందులిచ్చి పంపించాక షట్టరు సగం దించుకొని కూర్చున్నాను. ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామని చూస్తే ముందు వీపు గుర్తొచ్చింది. ఏడుపు వచ్చేచోట నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది.

వీపు గుర్తు రావడానికి కారణం ఉంది. కర్ణాటకలోని మా చింతామణిలో, బస్టాండు వెనక సందులో మా షాపు పక్కనే ఆమె ఇంటర్నెట్ సెంటరు. అక్కడ ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టబోతున్నారంటే ఆమె గిరుక్కున గోడవైపు తిరిగేది. తాను తిరిగితే సరిపోదు, గదిలో ఉన్నవాళ్ళంతా తిరగాలి. "అందరూ గోడ చూడండప్పా, ఆయప్ప బీగం తీస్తాండాడు" అని ఒక కేక. పాస్‌వర్డ్ అనే మాట ఆమెకు నచ్చేది కాదు. బీగంచెవి, అంటే తాళంచెవి, అనేది. ఆ కేకకు డిగ్రీ పిల్లలూ, ఉద్యోగానికి అర్జీ వేయడానికి వచ్చినవాళ్ళూ, దారి అడగడానికి లోపలికి తొంగిచూసినవాళ్ళూ అందరూ గోడమీది దేవుడి క్యాలెండరు చూస్తూ నిలబడాల్సిందే. ఒకసారి నేను చిల్లర అడగడానికి వెళ్తే నా రెండు భుజాలూ పట్టుకొని తిప్పేసింది. మరోసారి ఎవరినో వెతుక్కుంటూ వచ్చిన పోలీసాయన్ని కూడా తిప్పింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకొని మరీ ఏకాదశి ఎప్పుడో చూసుకున్నాడు.

"ఇంత చాదస్తం ఏమిటికి టీచరమ్మా?" అని అడిగాను.

"ఒకరు బట్టలు మార్చుకుంటాంటే చూస్తామాప్పా? ఇదీ అంతే" అంది.

ఆమె నిజంగా టీచరే. ఇంటర్నెట్ రాకముందు అదే గదిలో టైపు నేర్పేది. తాలూకాలో గుమాస్తా ఉద్యోగం చేసిన సగం మంది వేళ్ళు ఆమె దిద్దినవే. టైపు మిషన్లకు కాలం చెల్లాక వాటిని అమ్మేసి నాలుగు కంప్యూటర్లు తెచ్చుకుంది కానీ, మిషన్లు ఆమె చేతుల్లోంచి పోలేదు. కీబోర్డును దడదడమని బాదేది. వరుస చివరికి వచ్చేసరికి ఎడమచెయ్యి దానంతటదే లేచి, అక్కడ లేని పిడిని పట్టుకొని పక్కకు తోసేది. గాలిలో చెయ్యి అలా కదిలాకే తర్వాతి వరుస మొదలయ్యేది. ఒంటి వేలితో కొట్టేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "కోడి గింజలు ఏరుకున్నట్ల ఏందప్పా అది? దేవుడు పది వేళ్ళు ఇచ్చిండేది ఏమిటికి?" అని వెనక నిలబడి వేళ్ళు సర్దేది. పాత చీరలతో కంప్యూటర్లకు తానే ముసుగులు కుట్టింది. అంచులు ముందుకు వచ్చేలా కుట్టడంతో పొద్దున్నే వాటిని చూస్తే నలుగురు పేరంటాళ్ళు బల్లమీద కూర్చున్నట్టు ఉండేది. తాలూకా కచేరీ ఉద్యోగులు వస్తే కన్నడం, మాతో తెలుగు, కంప్యూటరుతో మాత్రం ఇంగ్లీషు మాట్లాడేది. అది మొరాయిస్తే "ప్లీజ్, ప్లీజ్" అని తలమీద తట్టేది.

ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, పొలం లేదు. అద్దె గది, నాలుగు కంప్యూటర్లు. మెయిన్ రోడ్డులో ఏసీ పెట్టి, అద్దాల గదులు కట్టి కొత్త సెంటరు తెరిచినప్పుడు ఈమె పని అయిపోయిందనే అనుకున్నాను. కానీ పల్లెల వాళ్ళు ఆ అద్దాలు దాటుకొని ఈ సందులోకే వచ్చేవాళ్ళు. టీచరమ్మ దగ్గర మన గుట్టు బయటికి పోదన్న నమ్మకం. ఆమె అన్నం తింటున్నది ఆ నమ్మకం మీదే, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అలాంటి ఆమె దగ్గరికి పిట్ట వచ్చింది.

ఆ రోజుల్లో మెయిలు వచ్చిందో లేదో తెలియాలంటే తెరిచి చూడటం ఒక్కటే దారి. చేలూరు నుంచో బాగేపల్లి వైపు నుంచో బస్సెక్కి, ఎండలో దిగి, సెంటరుకు వచ్చి తెరిస్తే పెట్టె ఖాళీ. ఉసూరుమంటూ వెనక్కి. చేలూరు నుంచి ఒక ముసలామె వచ్చేది. కూతురు మస్కట్‌లో నర్సు. మనవడి ఫోటోలు పంపుతుంది. ఎప్పుడు పంపుతుందో తెలియక ఆమె వారం వారం వచ్చి, ఫోటో లేకపోతే కాసేపు ఖాళీ తెరనే చూసి పోయేది. అది టీచరమ్మ చూడలేకపోయింది. ఒక కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో ఆమెకు ఒక ప్రోగ్రాం దొరికింది. తెర కింద మూల చిన్న పిట్ట బొమ్మ. అందులో ఎవరి మెయిలు పేరూ పాస్‌వర్డూ ఒకసారి కొట్టిపెడితే, వాళ్ళకు మెయిలు రాగానే అది కిచకిచమంటుంది. మెయిలు కంపెనీ వాళ్ళు చేసింది కాదది, వేరే ఎవరో చేసింది. ఆ తేడా అప్పుడు మాలో ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

ఆమె సంబరం చూడాలి. వచ్చినవాళ్ళందరినీ ఆ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "పిట్టకు నీ బీగంచెవి చెప్పప్పా" అని తాను గోడవైపు తిరిగేది. పిట్ట అరవగానే లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చి బస్టాండుకు నడిచేది. ఏ ఊరివాళ్ళకు మెయిలు వస్తే ఆ ఊరి బస్సు కండక్టరుకు కబురు. "చేలూరమ్మకు టపా వచ్చిండాదని చెప్పప్పా, మధ్యాన్నం బస్సుకే రమ్మను" అని కిటికీలోంచి చెప్పేది. నాకు ఆమె చావు కబురు తెచ్చినవాడు ఆ కండక్టర్లలో ఒకడే. టిక్కెట్లు చింపుతూ చింపుతూ అందరి టపా కబుర్లూ మోశాడు.

పిట్ట అరిచినప్పుడు తెరమీద ఎవరికి వచ్చిందో పైన, ఎవరు రాశారో ఏం రాశారో కింద కనపడేది. ఇది టీచరమ్మకు పెద్ద చిక్కైంది. మా షాపుకు వచ్చి గాయాలకు వేసే ప్లాస్టరు చుట్ట ఒకటి కొంది.

"ఎవరికి దెబ్బ తగిలింది?" అన్నాను.

"నా కండ్లకప్పా. చూడకూడనిది చూస్తాండాయి" అంది.

ఆ ప్లాస్టరు ముక్క తెర మూల అతికించింది. పై వరుస మాత్రం కనపడుతుంది, కింద ఉన్నది కనపడదు. ఎండకు జిగురు ఊడిపోతే మళ్ళీ వచ్చి ఇంకో చుట్ట కొనేది. మా షాపులో అంత ప్లాస్టరు కొన్న మనిషి ఇంకొకరు లేరు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత పిట్టకు జబ్బు చేసింది. ఉన్నట్టుండి ఎర్రగా మారి, లాగిన్ కావడం లేదని చూపించేది. సరైన పాస్‌వర్డే, అదే మనిషి, అయినా లోపలికి పోనిచ్చేది కాదు. టీచరమ్మ మళ్ళీ బస్సులకు కబురు పెట్టి వాళ్ళను రప్పించి మళ్ళీ కొట్టించేది. రెండు రోజులు పలికేది, మళ్ళీ ఎర్రబడేది. పదేపదే ప్రయత్నించేసరికి మెయిలు కంపెనీ వాళ్ళు కొందరి పెట్టెలు ఒక రోజంతా మూసేశారు. "ఏం తిక్క పట్టిండాదో దీనికి" అని ఆమె పిట్టను తిట్టేది. తిడుతూనే మళ్ళీ అందులోనే కొట్టించేది. ఇప్పుడు మా పిల్లలు ఫోను ఏది అడిగినా చదవకుండా సరే అని నొక్కేస్తుంటే నేను అరుస్తాను కానీ, ఆ రోజుల్లో మేం చేసిందీ అదే.

ఒక పొద్దున ఒకాయన నా దగ్గరికి వచ్చి, "శెట్టప్ప చెప్పిన మాత్ర ఇయ్యప్పా" అన్నాడు. ఏ మాత్ర అంటే, జుట్టు మొలిచే మాత్ర. ఇంకాసేపటికి ఇంకొకడు. పట్టునూలు వ్యాపారం చేసే శెట్టిగారు తెలిసినవాళ్ళందరికీ మెయిలు పంపారట, ఈ మాత్రలు వాడాక నా జీవితమే మారిపోయింది, మీరూ వెంటనే తెప్పించుకోండి అని. శెట్టిగారి తలమీద వెంట్రుక లేదు. నేను కౌంటరు మీద పడి నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే శెట్టిగారు మా ముందు నుంచే టీచరమ్మ గదిలోకి పోయారు. ఎండకు ఆ తల ఎర్రగా మండుతోంది.

"టీచరమ్మా, నీ అంగట్లో తప్ప నేను ఇంక యాడా తెరిచిండేది లేదు. నా బీగంచెవి ఎవురు చూసిండేది?"

"నేను చూడలేదప్పా."

"నువ్వు చూడలేదు, పక్కనోళ్ళు చూడలేదు. మరి ఎట్ల పోయింది? ధర్మవరం వాళ్ళు ఫోన్ చేసి నవ్వుతాండారు. కంచి వాళ్ళకు పోయిండాది. నా మర్యాద ఏం కావల్ల?"

గదినిండా జనం ఉన్నారు. టీచరమ్మ లేచి ఆయన ముందుకు కుర్చీ జరిపింది.

"ఇంగ నీ మెట్టెక్కను" అని శెట్టిగారు వెళ్ళిపోయారు. వెళ్ళింది మెయిన్ రోడ్డులోని ఏసీ సెంటరుకే అని సాయంత్రానికి తెలిసింది. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరి పేర్లతో అలాంటి మెయిళ్ళే పోయాయి. టీచరమ్మే చదువుతుందట అని బస్టాండులో టీ తాగుతూ అనుకోవడం నా చెవిన పడింది. అన్నవాడితో గొడవ పెట్టుకొని వచ్చాను.

ఆ మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచింది. మెయిలు కంపెనీ పేజీలో ఎర్ర అక్షరాల ప్రకటన ఒకటి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క ఇంగ్లీషు మాటా పైకి చదివి, తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మీ పాస్‌వర్డ్ మా పేజీలో తప్ప వేరేవాళ్ళ ప్రోగ్రాముల్లో కొట్టవద్దు, కొట్టి ఉంటే వెంటనే మార్చుకోండి. చదవడం అయ్యాక తెర మూలకు చూసింది. పిట్ట అక్కడే ఉంది.

"మనమందరమూ గోడ చూస్తాంటిమి కదప్పా" అంది మెల్లగా. "ఇది మాత్రం చూస్తానే ఉండె."

ఆ పిట్టను చేసినవాళ్ళే దొంగిలించారో, వాళ్ళ దగ్గర నుంచి ఇంకెవరు కొట్టేశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ క్షణంలో ఆమె ముఖం మాత్రం తెలుసు. ఇంట్లోకి తానే పిలిచి కూర్చోబెట్టిన చుట్టం దొంగని తెలిసినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"తీసేయండి టీచరమ్మా. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. నాలుగు రోజులైతే జనమే మరిచిపోతారు" అన్నాను. ఆమె బతుకుదెరువు పోతుందని నా భయం.

"వాళ్ళ బీగంచెవి ఎవుడి జేబులోనో ఉండాదప్పా. వాళ్ళకు తెలీదు. నేను చెప్పకుంటే ఎవురు చెప్తారు?"

"చెప్తే ఒక్కరు కూడా రారు మీ దగ్గరికి. ఏం చేస్తారప్పుడు?"

"తెలీదు" అంది. "భయంగానే ఉండాది."

పిట్టను తీసేసింది. ప్లాస్టరు గోకి పారేసింది. చీర కొంగు నడుముకు దోపుకొని బస్టాండుకు బయలుదేరింది. నేనూ షాపు వదిలి వెంట పోయాను. బాగేపల్లి బస్సు, చేలూరు బస్సు, చిక్కబళ్ళాపురం బస్సు, ఏదీ వదల్లేదు. ప్రతి కిటికీ దగ్గరా ఒకటే మాట. "టీచరమ్మ తప్పు చేసిండాదంట, మీ బీగంచెవులు పిట్ట ఎత్తుకోని పోయిందంట, వచ్చి మార్చుకోవల్లంట అని చెప్పప్పా." కన్నడం వాళ్ళకు కన్నడంలో, "ఎల్లరిగూ హేళప్పా, మరీబేడ" అని, అందరికీ చెప్పు, మరిచిపోవద్దని.

మా షాపుకు వచ్చే ఆ కండక్టరు ఒప్పుకోలేదు. "బీగం మార్చుకోమని చెప్తాలేమ్మా. తప్పు చేసిండాదని నేనెట్ల చెప్పేది?"

"అది చెప్పకుంటే రారప్పా. ఊరికే పిలుస్తాండాదనుకుంటారు. చెప్పు, నా మాటగా చెప్పు."

కబురు పోయింది. పోతూ పోతూ పెరిగింది కూడా. బాగేపల్లి చేరేసరికి టీచరమ్మ అంగట్లో దొంగలు పడి కంప్యూటర్లన్నీ మోసుకుపోయారని అయ్యిందట. ఏదైతేనేం, జనం వచ్చారు. ఆమె ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి జరిగింది మొదటి నుంచి చెప్పేది. ఒక్క ముక్క తగ్గించేది కాదు. తర్వాత మెయిలు కంపెనీ పేజీ తెరిచి, కొత్తది కొట్టమని, గోడవైపు తిరిగేది. కొందరు వింటూనే లేచి ఏసీ సెంటరుకు పోయారు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె, "నా మెయిల్లో ఏమేమి చదివినారో ఏమో" అని అందరి ముందూ అనేసింది. టీచరమ్మ ఆ మాట విని, "నీకు ఆ అనుమానం రావాల్సిందేలేమ్మా" అని మాత్రం అంది. తర్వాతి మనిషి కోసం, తుడిచిన కుర్చీనే ఆమె మళ్ళీ తుడవడం కిటికీలోంచి చూశాను. ఆ పిల్ల మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ వారం చివర్లో సందు మొదట్లో శెట్టిగారి తల కనపడింది. నేరుగా వచ్చి మెట్టెక్కారు. మళ్ళీ గొడవే అనుకొని కౌంటరు దాటి పరుగెత్తాను.

శెట్టిగారు కుర్చీలో కూర్చొని తువ్వాలుతో తల తుడుచుకున్నారు. "ఆ ఏసీ అంగట్లో పిల్లోడు నా భుజం మీద గడ్డం పెట్టి చూస్తాండాడు టీచరమ్మా. పాస్‌వర్డ్ చెప్పండి సార్, నేనే కొడతానంటాడు. ఏడు పేజీలు తెరిచినా వాడికి గోడ గుర్తే రాలేదు" అన్నారు. "బస్సోడు చెప్పిండాడు, నువ్వు తప్పు నీ నెత్తిన వేసుకోని ఊరూరా చెప్పిస్తాండావని. ఊరికే ఉండింటే ఎవురికి తెలిసేది?"

"మీ మర్యాద పోయింది కదప్పా నా వల్ల."

"మాత్రలు తెప్పించుకుండేవాళ్ళు తెప్పించుకుంటారులే. తెరువు."

ఆమె పేజీ తెరిచి తిరిగింది. మేమంతా తిరిగాం. శెట్టిగారు ఒంటి వేలితో టక్కు టక్కుమని కొట్టారు. ఎందుకో ఆ రోజు టీచరమ్మ కోడి మాట ఎత్తలేదు. కొట్టడం అయ్యాక ఆయన లేవలేదు.

"టీచరమ్మా, నాకు మతిమరుపు. ఇది నీకు చెప్పి పెడతా. ఉంచుకో."

"అయ్యో, వద్దప్పా! బీగంచెవి ఎవురికీ చెప్పకూడదు. ఇన్ని దినాలుగా నేను చెప్తాండేది అదే కదా!"

"తిరుపతికి పోయేటప్పుడు ఇంటి బీగంచెవి పక్కింట్లో ఇచ్చి పోమా? పక్కింటోళ్ళ దగ్గర లేకుంటే అది యాడ ఉండాల? ఇట్ల రా."

టీచరమ్మ రెండు చెవులూ మూసుకుంది. శెట్టిగారు ఆమె చెయ్యి పక్కకు జరిపి చెవిలో చెప్పేశారు. చెప్పి, ఇంకేం మాట్లాడకుండా మెట్లు దిగిపోయారు. "బుద్ధి ఉండాదా మీకు" అని ఆమె వెనక నుంచి అరిచింది. అరుస్తూనే కళ్ళు తుడుచుకుంది. శెట్టిగారి తర్వాత వంతు విత్తనాల అంగడాయనది. ఆయనా కొత్తది కొట్టి, చెవిలో చెప్పడానికే నిలబడ్డాడు. ఆయన తర్వాత బాగేపల్లి మేష్ట్రు. టీచరమ్మ ఒక్కొక్కరినీ తిడుతోంది, వాళ్ళు తలవంచుకొని తిట్లు తిని, చెప్పాల్సింది చెప్పి పోతున్నారు. కంప్యూటరు చదువుకున్నవాళ్ళు చూస్తే తల పట్టుకుంటారు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను.

మరునాడు పొద్దున నేను షట్టరు ఎత్తుతుండగానే టీచరమ్మ వచ్చి నిలబడింది.

"దూది ఇయ్యప్పా" అంది.

"దేనికి?"

"చెవుల్లో పెట్టుకోడానికి. చేలూరు బస్సు వచ్చే టైమాయె. ఇంగ ఒక్కరి మాట కూడా వినను. ఇట్ల చేస్తే ఇంత చెప్పీ ఏం లాభం?"

కట్ట విప్పి దూది ఇచ్చాను. రెండు ఉండలు చేసి అక్కడే చెవుల్లో కుక్కుకొని, ఒళ్ళు బిగించుకొని, తల ఎత్తుకొని గదిలోకి పోయింది. కాసేపటికి చేలూరు ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ముసలామెకు అక్షరాలు కొట్టడం రాదు. టీచరమ్మ గోడవైపు ముఖం పెట్టి, ఫలానా వరుసలో ఫలానా మీట అని చూడకుండానే గట్టిగా చెప్పింది, ఏవి కావాలో అవి నువ్వే ఏరుకోమ్మా అని. ముసలామె చాలాసేపు వెతుక్కొని వెతుక్కొని కొట్టింది. కర్ర బల్లకు ఆనించి లేచి నిలబడింది. గోడవైపే తిరిగి ఉన్న టీచరమ్మ వెనక్కి చేరి, ఆమె ఒక చెవిలోని దూదిని రెండు వేళ్ళతో మెల్లగా తీసి కంప్యూటరు పక్కన పెట్టి, ఆ చెవికి తన నోరు దగ్గర చేసింది.